రక్తం చెప్పనిది, కణజాలం చెప్పినది

కాలికి ముల్లు గుచ్చుకుని చీము పడితే గజ్జల్లో బిళ్ళ కట్టటం మన చిన్నతనంలో అందరికీ అనుభవమే. "కాలి పుండుకి కట్టిందిలే, పుండు మానితే అదే పోతుంది" అనేవారు ఇంట్లో పెద్దవాళ్ళు. ఆ బిళ్ళకే వైద్యశాస్త్రంలో లింఫు గ్రంథి అని పేరు. ఒంట్లో చొరబడిన సూక్ష్మజీవులతో తెల్లకణాలు తలపడే చోట్లలో అది ఒకటి.

1983 జనవరిలో పారిస్ నగరంలో డాక్టర్లు ఒక రోగి ఒంటి నుంచి ఇలాంటి బిళ్ళ ఒకటి కోసి తీసి, పాస్చర్ ఇన్‌స్టిట్యూట్‌కి పంపించారు. అక్కడ ఫ్రాన్స్వాజ్ బారె-సినూసీ, లూక్ మొంటాన్యే, వారి సహచరులు ఆ ముక్కలోని కణాలను పెంచి చూడగా కొత్త వైరస్ ఒకటి బయటపడింది. దానికే తరువాత హెచ్.ఐ.వి. అని పేరు పెట్టారు. ఆ పనికి వారిద్దరికీ 2008లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఎయిడ్స్ వైరస్ తొలిసారి దొరికింది ఒక మనిషి ఇచ్చిన కణజాలపు ముక్కలో. నలభై ఏళ్ళు దాటాయి. మంచి మందులు వచ్చాయి. రక్తపరీక్షలు ఎంతో సున్నితమయ్యాయి. అయినా ఈ వ్యాధిని పూర్తిగా నయం చేయాలని చూస్తున్న పరిశోధకులు మళ్ళీ ఆ ముక్కల దగ్గరికే వస్తున్నారు. ఎందుకు వస్తున్నారో, ఆ ముక్కలు ఎవరు ఇస్తున్నారో ఈ వ్యాసంలో చెప్పటానికి ప్రయత్నిస్తాం. మన సభ్యుల్లో డాక్టర్లు చాలామందే ఉన్నారు. వారికి తెలిసిన సంగతులు కొన్ని తిరిగి చెబుతున్నందుకు మన్నించాలి. ఇది ముఖ్యంగా డాక్టర్లు కానివారి కోసం రాస్తున్నది.

అరుగు మీద లెక్క

హెచ్.ఐ.వి. సోకిన కొత్తలో చాలామందికి కొద్దిరోజులు జ్వరం, ఒళ్ళునొప్పులు వచ్చి తగ్గిపోతాయి. ఆ తరువాత మందు వాడకపోయినా ఎనిమిది, పదేళ్ళపాటు పైకి ఆరోగ్యంగానే తిరిగేవారు ఎందరో. ఆ కాలమంతా వైరస్ నిద్రపోతోందని 1980 దశకంలో అనుకునేవారు. 1993 మార్చిలో 'నేచర్' పత్రిక ఒకే సంచికలో రెండు పరిశోధనలు ప్రచురించింది. ఒకటి జుసెప్పె పాంటలియో, ఆంథొనీ ఫౌచీల బృందానిది. రెండవది మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆష్లీ హాసె బృందానిది. రెండూ లింఫు గ్రంథుల ముక్కలను చూసి రాసినవే. రక్తంలో వైరస్ జాడ తక్కువగా ఉన్న రోజుల్లో కూడా గ్రంథుల్లో అది జోరుగా పెరుగుతూనే ఉందని వాటివల్ల తేలింది.

కారణం చెప్పటం తేలికే. మన ఒంట్లో ఉన్న లింఫు జాతి తెల్లకణాల్లో నూటికి రెండు మాత్రమే రక్తంలో తిరుగుతూ ఉంటాయి. తక్కిన తొంభై ఎనిమిదీ గ్రంథుల్లో, ప్లీహంలో, పేగుల గోడల్లో, ఎముకల మజ్జలో ఉంటాయి. హెచ్.ఐ.వి. ముఖ్యంగా పట్టుకునే సి.డి.4 కణాలు ఈ జాతికి చెందినవే. రక్తం ఒక్కటీ చూసి ఒంట్లో వైరస్ సంగతి తేల్చటం, వీధి అరుగు మీద కూర్చున్నవాళ్ళని లెక్కపెట్టి పెళ్ళింట్లో ఎంతమంది చుట్టాలు దిగారో చెప్పటం లాంటిది.

మందులు చేసిన మేలు

ముందు మేలు సంగతి చెప్పుకోవాలి. 1996లో మూడు రకాల మందులు కలిపి ఇచ్చే పద్ధతి వచ్చింది. మంచం పట్టినవాళ్ళు లేచి ఉద్యోగాలకు వెళ్ళారు. నేడు చాలామందికి రోజుకొక మాత్ర చాలు. ఈ మాత్రల్లో మనవాళ్ళ చెయ్యి కూడా ఉంది. 2017లో మూడు మందులు కలిసిన ఒక మాత్రను ఏడాదికి మనిషికి సుమారు 75 డాలర్ల ధరకు బీద దేశాలకు ఇచ్చే ఒప్పందం ప్రకటించినప్పుడు, దాన్ని తయారు చేస్తామన్న రెండు కంపెనీలూ, అరబిందో ఫార్మా, మైలాన్ లేబరేటరీస్, హైదరాబాదువే.

మందు క్రమంగా వేసుకునేవారి రక్తంలో వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గిపోతుంది. అలాంటివారి నుంచి లైంగిక సంబంధం ద్వారా ఎదుటివారికి వ్యాధి సోకదు. ఐరోపాలో దాదాపు 780 జంటలను గమనించి 2019లో 'లాన్సెట్' పత్రికలో ప్రచురించిన పరిశోధనలో, ఇలా మందు వాడుతున్న భాగస్వామి నుంచి సోకిన సందర్భం ఒక్కటి కూడా లేదు. ఇక ముందు మనం ఒంట్లో దాగిన వైరస్ గురించి మాట్లాడబోతున్నాం గనక ఈ మాట గట్టిగా గుర్తుంచుకోవాలి. దాగిన వైరస్ వల్ల చిక్కు ఆ మనిషికే గాని, పక్కన కూర్చుని భోంచేసేవారికి కాదు.

డెబ్బై మూడేళ్ళ లెక్క

వైరస్ రక్తంలో కనబడటం మానేసింది గనక కొన్నాళ్ళు మందు వాడి ఆపేయవచ్చునా? 1997 మేలో డేవిడ్ హో, అలన్ పెరెల్సన్ బృందం ఒక లెక్క వేసింది. మందు పూర్తిగా పనిచేస్తూ ఉంటే, అప్పటికి తెలిసిన వైరస్ స్థావరాలు ఖాళీ కావటానికి సుమారు రెండున్నర నుంచి మూడేళ్ళు పట్టవచ్చునంది. తెలియని స్థావరాలు ఉంటే లెక్క మారుతుందని కూడా హెచ్చరించింది. ఆ ఏడాది చివరికే అలాంటి స్థావరం ఒకటి బయటపడింది. బాల్టిమోర్‌లో రాబర్ట్ సిలిసియానో, శాన్ డియాగోలో డగ్లస్ రిచ్‌మన్, మేరీలాండ్‌లో ఫౌచీ, ఈ ముగ్గురి బృందాలూ విడివిడిగా ఒకే సంగతి చూపించాయి. విశ్రాంతిగా ఉన్న కొన్ని సి.డి.4 కణాల్లో వైరస్ తన జన్యువును మన జన్యువులో అతికించి ఊరుకుంటుంది. వైరస్ నకళ్ళు తీస్తున్నప్పుడే మందు దాన్ని అడ్డగించగలదు. ఊరుకున్నదాన్ని ఏమీ చేయలేదు.

ఈ నిద్రాణమైన నిల్వ ఎంత నెమ్మదిగా తరుగుతుందో సిలిసియానో బృందం 2003లో తేల్చింది: సగం కావటానికి 44 నెలలు. మనమే లెక్క వేసి చూద్దాం. అలాంటి కణాలు ఒంట్లో పది లక్షలు ఉన్నాయనుకోండి. సగం, సగంలో సగం, అలా ఇరవై సార్లు తగ్గితే గాని ఒక్కదానికి రాదు. ఇరవై నలభైనాలుగులు 880 నెలలు. అంటే 73 ఏళ్ళు! ఒక జీవితకాలం.

అందుకే మందు ఆపితే చాలామందిలో కొద్ది వారాలకే వైరస్ రక్తంలోకి తిరిగి వస్తుంది. అమెరికాలో మంచి ఇన్సూరెన్సు ఉన్నవారికి రోజూ ఒక మాత్ర పెద్ద కష్టం కాదనిపించవచ్చు. కాని 2025 జనవరిలో అమెరికా ప్రభుత్వం విదేశాలకిచ్చే సహాయాన్ని హఠాత్తుగా నిలిపినప్పుడు ఆఫ్రికాలో ఎన్నో చోట్ల క్లినిక్కుల తలుపులు మూతపడ్డాయి. జీవితాంతం వాడవలసిన మందు ఎవరో ఎక్కడో చేసే ఒక సంతకం మీద ఆధారపడి ఉంటే, పూర్తిగా నయం చేసే దారి వెతకక తప్పదు. అది వెతకాలంటే నిల్వ ఎక్కడ దాగి ఉందో తెలియాలి. దానికి రక్తం చాలదు.

ముక్క ఎలా తీస్తారు?

మన ఆసుపత్రుల్లో జనం బయాప్సీని "ముక్క పరీక్ష" అంటారు. మంచి మాట. ఈ పరిశోధనల్లో తీసే ముక్కలు ముఖ్యంగా రెండు రకాలు.

మొదటిది లింఫు గ్రంథి. గజ్జల్లో చర్మానికి మత్తు సూది ఇచ్చి, చిన్న గాటు పెట్టి, చిక్కుడుగింజంత గ్రంథిని తీసి కుట్లు వేస్తారు. సాధారణంగా అదే రోజు ఇంటికి పంపుతారు. రెండవది పేగు గోడ. పురీషనాళం గుండా గొట్టం పంపి, దాని కొసనున్న చిన్న పట్టకారుతో బియ్యపుగింజకన్న చిన్న ముక్కలు గిల్లి తీస్తారు. పేగు లోపలి పొరకి గిల్లితే తెలిసే నొప్పి లేదు. అయినా రెంటిలోనూ ప్రమాదం బొత్తిగా లేదనటానికి వీల్లేదు. గాటు దగ్గర చీము పట్టవచ్చు, నీరు చేరవచ్చు, తొడ మీద కొంత మేర తిమ్మిరి మిగలవచ్చు. పేగు నుంచి రక్తం పోవచ్చు. ఎప్పుడో అరుదుగా చిల్లు పడవచ్చు.

ఒక్కసారి తీస్తే చాలదు. మందు మొదలుపెట్టక ముందు ఒకసారి, కొన్ని నెలలకు ఇంకొకసారి, ఏడాదికో రెండేళ్ళకో మరొకసారి తీసి పోల్చి చూస్తేనే మందు లోపల చేస్తున్న పని తెలుస్తుంది. తీసిన ముక్కలో కొంత ఫార్మలిన్‌లో నానబెట్టి, మైనంలో పోతపోసి, వెంట్రుక మందం కూడా లేని పొరలుగా కోస్తారు. వైరస్ జన్యువుకి మాత్రమే అతుక్కునే రంగులు పట్టించి, ఏ గదిలో ఏ కణంలో ఉందో సూక్ష్మదర్శినిలో చూస్తారు. మిగిలిన కణాలను విడదీసి, ద్రవ నత్రజనిలో సున్నాకి 196 డిగ్రీలు దిగువన దాచిపెడతారు. పదేళ్ళ తరువాత కొత్త పరీక్ష కనిపెడితే ఈ పాత ముక్కకి మళ్ళీ పని పడుతుంది.

ముక్కలు చెప్పినవి

2004లో రెండు పరిశోధక బృందాలు పేగు ముక్కలు చూసి ఆశ్చర్యకరమైన సంగతి చెప్పాయి. వైరస్ సోకిన తొలి వారాల్లోనే పేగు గోడల్లోని సి.డి.4 కణాలు చాలావరకు నాశనమైపోతున్నాయి. అదే సమయంలో రక్తంలో వాటి లెక్క అంత ఘోరంగా పడిపోదు. మందు మొదలుపెట్టాక రక్తంలో లెక్క కోలుకున్నంత తొందరగా పేగు కోలుకోదు. పేగు గోడ బలహీనపడితే లోపలి బాక్టీరియాకి సంబంధించిన పదార్థాలు రక్తంలోకి ఊరతాయి. ఒంట్లో ఎడతెగని మంట నిలిచిపోతుంది. వైరస్ అదుపులో ఉన్నా కొందరిలో గుండెజబ్బులవంటివి ఎక్కువగా రావటానికి ఇదొక కారణమని భావిస్తున్నారు.

2014లో మిన్నెసోటా, నెబ్రాస్కా పరిశోధకులు 12 మంది ఇచ్చిన గ్రంథి, పేగు ముక్కల్లో వైరస్‌తోపాటు మందును కూడా కొలిచారు. చాలా మందుల మోతాదు రక్తంలోకన్న కణజాలంలో తక్కువగా ఉంది. అయితే మందు సరిగా అందని మూలల్లో వైరస్ ఇంకా నకళ్ళు తీసుకుంటోందా? తీసుకుంటోందని 2016లో ఒక బృందం 'నేచర్'లో రాసింది. కాదని మరికొందరు వాదించారు. వైరస్ నిజంగా నకళ్ళు తీస్తూ ఉంటే ఏళ్ళు గడిచేకొద్దీ దాని రాత మారాలి, మందుకి లొంగని రకాలు పుట్టాలి. సరిగా మందు వాడేవారిలో అలా జరగటం లేదన్నది వారి ప్రశ్న. పైగా వైరస్ అతుక్కున్న కణం తానే రెండుగా, నాలుగుగా పెరుగుతూ, దానితోపాటు వైరస్ రాతని కూడా పెంచుతోందని 2014లోనే చూపించారు. ఇంట్లో దొంగ పిల్లల్ని కనటం లేదు. దొంగ దాక్కున్న పెట్టెనే మనం నకళ్ళు తీయిస్తున్నామన్నమాట.

ఇది పండితుల తగవులా కనబడవచ్చు. కాని వైద్యం దారి దీని మీదే ఆధారపడి ఉంది. మొదటి మాట నిజమైతే మూలమూలలకీ చేరే మందులు కావాలి. రెండవది నిజమైతే ఎంత మంచి మందు పోసినా లాభం లేదు. ఆ కణాలనే వెతికి చంపాలి, లేదా అవి మళ్ళీ లేవకుండా తాళం వేయాలి. నేడు ఎక్కువమంది రెండవ మాట వైపు మొగ్గుతున్నారు.

చూడని చోట

ముక్క చెప్పినదే వేదమా అంటే అదీ కాదు. బోస్టన్‌లో ఇద్దరు హెచ్.ఐ.వి. రోగులకు క్యాన్సరు వచ్చి, ఇతరుల మజ్జ కణాలు ఎక్కించారు. తరువాత వారి రక్తంలోనూ, పురీషనాళపు ముక్కలోనూ ఎంత వెతికినా వైరస్ దొరకలేదు. 2013లో డాక్టర్ల పర్యవేక్షణలో మందు ఆపారు. ఒకరిలో 12 వారాలకు, రెండవవారిలో 32 వారాలకు వైరస్ తిరిగి వచ్చింది. చూసిన ముక్కలో లేనంత మాత్రాన చూడని చోట లేదని కాదు.

బెర్లిన్‌లో తిమొతీ రే బ్రౌన్ అనే ఆయన కథ వేరుగా నడిచింది. 2007లో ఆయనకి ఎక్కించిన మజ్జ, హెచ్.ఐ.వి.కి తలుపు తీయని అరుదైన జన్యువు ఉన్న దాతది. మందు మానేసినా వైరస్ తిరిగి రాలేదు. హెచ్.ఐ.వి. నుంచి నయమైన మొదటి మనిషి ఆయనే. పరిశోధకులు అడిగినప్పుడల్లా రక్తం, పేగు ముక్కలు ఇస్తూ వచ్చారు. తన పేరు దాచుకోకుండా లోకానికి చెప్పారు. 2020లో పాత క్యాన్సరు తిరగబెట్టి పోయారు. అప్పటికీ హెచ్.ఐ.వి. తిరిగి రాలేదు.

ఆఖరి కానుక

గుండె నుంచి, మెదడు నుంచి, మూత్రపిండం నుంచి బతికున్న మనిషిని ముక్క ఇమ్మని అడగలేం. 2017లో శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వారు దీనికొక మార్గం ఆలోచించారు. హెచ్.ఐ.వి.తో జీవిస్తూ, క్యాన్సరువంటి మరో వ్యాధితో ఆఖరి నెలల్లో ఉన్నవారిని అడుగుతారు. ఒప్పుకున్నవారు బతికి ఉన్నంతకాలం రక్తం ఇస్తారు. ప్రాణం పోయిన ఆరు గంటల లోపల డాక్టర్లు శరీరమంతటి నుంచీ ముక్కలు సేకరిస్తారు. ఆలస్యమైతే కణాలు చెడిపోతాయి. ఈ పరిశోధనకి 'లాస్ట్ గిఫ్ట్' అని పేరు పెట్టారు. ఆఖరి కానుక.

అలా ఇచ్చిన ఆరుగురి దేహాలను పరిశీలించి 2020లో ప్రచురించిన వ్యాసంలో, వైరస్ ఒంట్లో నలుమూలలా దాగి ఉందనీ, ఒకే రాత ఉన్న వైరస్ ఒకదానికొకటి దూరంగా ఉన్న అవయవాల్లో కనబడుతోందనీ తేలింది. 2023లో ఇదే కానుక నుంచి తీసిన మెదడు కణాల్లో, ఏళ్ళ తరబడి మందు వాడిన తరువాత కూడా, మళ్ళీ లేవగల శక్తి ఉన్న వైరస్ దొరికింది. ఈ సంగతి ఇంకే విధంగానూ తెలిసేది కాదు.

అడిగి పుచ్చుకోవటం

మనకి శిబి చక్రవర్తి కథా, దధీచి కథా చిన్నప్పటి నుంచీ తెలుసు. శిబి తొడ కండ కోసి ఇచ్చాడు. కాని ఆయనకి పావురం ఎదురుగా కనబడుతోంది. గజ్జల్లో గాటు పెట్టించుకుని గ్రంథి ఇచ్చేవారికి ఏ పావురమూ కనబడదు. ఆ ముక్కవల్ల వారి జబ్బు తగ్గదు. ఈ మాట ఒప్పుదల కాగితం మీద స్పష్టంగా రాసి ఉంటుంది.

దధీచి కథలో మనం అంతగా పట్టించుకోని సంగతి ఒకటుంది. దేవతలు ఆయన ఎముకలు దొంగిలించలేదు. వచ్చి అడిగారు. ఎందుకు కావాలో చెప్పారు. ఆయన ఒప్పుకున్నాడు. ఈ అమెరికా దేశంలో అలా అడగకుండా చేసిన పాపం ఉంది. అలబామాలోని టస్కిగీలో 1932 నుంచి 1972 వరకు ప్రభుత్వ ఆరోగ్యశాఖ దాదాపు 400 మంది సిఫిలిస్ సోకిన నల్లజాతివారికి నిజం చెప్పకుండా, పెన్సిలిన్ వచ్చిన తరువాత కూడా ఇవ్వకుండా, జబ్బు ఎలా ముదురుతుందో చూస్తూ కూర్చుంది. ఆ సంగతి బయటపడ్డాకే 1974లో చట్టం వచ్చింది. 1979లో బెల్మాంట్ నివేదిక వచ్చింది. ఇవాళ ఆసుపత్రిలో మన చేతికి ఇచ్చే పొడుగాటి ఒప్పుదల కాగితం వెనక ఆ 400 మంది ఉన్నారు.

కనక అలాంటి కాగితం ఎప్పుడైనా మన ముందుకి వస్తే, అది ఏ జబ్బుకి సంబంధించినదైనా సరే, నాలుగు ప్రశ్నలు అడగాలని మేము అనుకుంటాం. ఈ ముక్క నా వైద్యం కోసమా, పరిశోధన కోసమా? దీనివల్ల నాకు రాగల నష్టం ఏమిటి? మిగిలిన ముక్క ఎన్నాళ్ళు దాస్తారు, ఎవరెవరికి ఇస్తారు? మధ్యలో వద్దనుకుంటే మానుకోవచ్చా, మానుకుంటే నా వైద్యానికి లోటు వస్తుందా? జవాబులు తృప్తిగా ఉంటే, సంతకం పెట్టటం గౌరవమైన పనే.

మరొక మాట. మన విందుల్లో మధుమేహం గురించీ, రక్తపోటు గురించీ గంటలకొద్దీ మాట్లాడుకుంటాం. ఈ జబ్బు పేరు మాత్రం ఎత్తం. 2000 తరువాతి తొలి సంవత్సరాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్, హెచ్.ఐ.వి. ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఒకటి. భారత ప్రభుత్వం 2004 ఏప్రిల్ 1 నుంచి ఉచితంగా మందులివ్వటం మొదలుపెట్టాక ఎందరో బతికారు. సీసా మీది చీటీ చింపేసి, చాటుగా మాత్ర మింగేవారు ఇప్పటికీ ఉన్నారు, అక్కడా ఇక్కడా. ముక్క ఇచ్చినవారి పేర్లు మనకి తెలియవు; తెలియనివ్వకూడదు కూడా. కాని వారు ఏ జబ్బుతో బతికారో ఆ జబ్బు పేరు మన ఇళ్ళల్లో గొంతు తగ్గించకుండా పలకటం మన చేతిలో ఉన్న పనే.

పాథాలజీలోనూ, అంటువ్యాధుల విభాగంలోనూ పనిచేస్తున్న మన సభ్యులు ఈ వ్యాసంలో తప్పులుంటే దిద్ది, తమకి తెలిసిన సంగతులు రాసి పంపితే వచ్చే సంచికలో సంతోషంగా వేస్తాం.